తొందర వాళ్లది.. సంతకం మనది!

రెండు పేజీల కాయితం. పైన కంపెనీ ముద్ర, కింద సంతకానికి జాగ. నడుమ ఒక వాక్యం: 'నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను'. రాసింది కంపెనీ. అచ్చు వేసింది కంపెనీ. గదికి పిలిచింది, తలుపు మూసింది, ల్యాప్‌టాప్ గుంజుకున్నది, గుర్తింపు కార్డు పనిచేయకుండా చేసింది కూడా కంపెనీయే. ఇష్టం మాత్రం ఉద్యోగిదట!

ఇయ్యాల మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా అద్దాల మేడల్లో జరుగుతున్న తతంగం ఇదే. పేర్లు మాత్రం మారుతుంటాయి. ఒకచోట 'పునర్‌వ్యవస్థీకరణ' అంటారు, ఇంకొకచోట 'పనితీరు మదింపు' అంటారు, మరొకచోట 'కృత్రిమ మేధ వచ్చింది, మీ అవసరం తీరిపోయింది' అంటారు. దేశంలోనే అతి పెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ 2025 జూలైలో తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని బాజాప్తా ప్రకటించింది. ప్రకటించకుండా నెలకు పది మందిని, ఇరవై మందిని గుట్టుగా పంపే కంపెనీల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఎందుకు లేదు? కాయితం మీద వాళ్లంతా 'రాజీనామా' చేసినవాళ్లే కాబట్టి. తీసేసినవాళ్లు లేరు, పోయినవాళ్లే ఉన్నారు!

ఆ కాయితం మీద సంతకం పెట్టాలా, వద్దా? కొలువు పోయిన ప్రతి ఇంట్లో ఆ రాత్రి నడిచే చర్చ ఇదే. పెడితే హక్కు పోతుందేమోనన్న భయం, పెట్టకపోతే చేతికొచ్చే నాలుగు పైసలు, రిలీవింగ్ లెటర్ పోతాయేమోనన్న భయం. ఈ రెండు భయాల నడుమ ఉద్యోగిని నిలబెట్టి సంతకం గుంజుకోవడమే అవతలివాళ్ల నేర్పు. అందుకే ఈ వారం ఈ ముచ్చట విడమరిచి మాట్లాడుకుందాం. వట్టి ఆవేశంతో కాదు, లెక్కతో, చట్టంతో.

ఈ కాయితం మనకు కొత్తది కాదు

ఐటీ పిల్లలకు ఇది కొత్త కష్టంలాగా కనపడవచ్చు. కానీ ఈ గడ్డకు ఇది పాత కాయితమే. అప్పట్లో దీని పేరు 'గోల్డెన్ షేక్‌హ్యాండ్'. పేరులో బంగారం, చేతిలో ఇత్తడి!

1992లో కేంద్రం 'నేషనల్ రెన్యువల్ ఫండ్' పెట్టి, ప్రభుత్వ రంగ కార్మికులను ఇంటికి పంపడానికి పైసలు కేటాయించింది. 1998లో ఉమ్మడి రాష్ట్ర సర్కారు బ్రిటన్ ప్రభుత్వ సంస్థ డీఎఫ్‌ఐడీ సాయంతో 'ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్' అనే దుకాణం తెరిచింది. ప్రభుత్వ రంగ సంస్థలను అమ్మడం, మూయడం, కార్మికులకు వీఆర్‌ఎస్ ఇచ్చి పంపడం.. ఇదీ దాని పని. 1937లో పుట్టిన బోధన్ నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ నాటికి పూర్తిగా మూతపడ్డది. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో ఆగిపోయింది. 2002లో అక్కడి ఉద్యోగులను స్వచ్ఛంద విరమణ పథకం కింద పంపేశారు. అదే జాగలో కొత్త ఫ్యాక్టరీ లేచి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ తిరిగి వచ్చింది సరే, సంతకం పెట్టి పోయినవాళ్ల కొలువు తిరిగి వచ్చిందా?

2000లో జాతీయ బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ పెట్టినప్పుడు దేశం మొత్తంలో లక్ష మంది దాకా బయటికి వచ్చారు. 2019లో బీఎస్‌ఎన్‌ఎల్‌లో 50 ఏళ్లు దాటినవాళ్లకు పథకం తెస్తే 78 వేల మందికి పైగా ఒప్పుకుని, 2020 జనవరి 31న ఒక్కనాడే ఇంటిదారి పట్టారు.

వీళ్లంతా మోసపోయారని మేం అనడం లేదు. లెక్క వేసుకుని, అప్పు తీర్చి, బిడ్డ పెళ్లి చేసి, మిగిలింది జాగ్రత్త చేసుకుని నిమ్మళంగా బతికినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్క లెక్క చూడండి. 2000లో బ్యాంకు డిపాజిట్‌కు 9, 10 శాతం వడ్డీ ఉండేది. 5 లక్షలు వేస్తే నెలకు 4 వేల దాకా వస్తుందని ఆశపడి సంతకాలు పెట్టారు. 2004 నాటికి వడ్డీ 5, 6 శాతానికి దిగింది. అదే 5 లక్షల మీద నెలకు 2,300 కూడా రాలేదు. ఇంటి కిరాయి మాత్రం దిగలేదు. జీతం వేరు, ఒక్కసారి చేతిలో పెట్టే మొత్తం వేరు. జీతం ధరలతోపాటు పెరుగుతుంది, మొత్తం ధరల ముందు కరిగిపోతుంది. ఆ తరం మనకు నేర్పిన మొదటి పాఠం ఇది.

రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. వాళ్లకు ఆలోచించుకునే గడువు ఉండేది. పథకం అచ్చు వేసి గోడకు అతికించారు. యూనియన్ ఆఫీసులో కూర్చుని లెక్కలు వేసుకున్నారు. బీఎస్‌ఎన్‌ఎల్‌లో దరఖాస్తుకు నవంబర్ 4 నుంచి డిసెంబర్ 3 దాకా నెల గడువు ఇచ్చారు, ఆ లోపు వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండేది. మరి ఇయ్యాల ఐటీ కొలువులో? అరగంట! 'సాయంత్రం ఆరింటి లోపల సంతకం పెట్టు, లేకపోతే ఈ పైసలు కూడా రావు' అంటారు. 2017 జూలైలో ఒక పెద్ద ఐటీ కంపెనీ హెచ్‌ఆర్ ఉద్యోగికి ఫోన్ చేసి, రేపు పొద్దున పది గంటల కల్లా రాజీనామా చెయ్యమని బెదిరించిన మాటలు దేశమంతా విన్నది. ఆ గ్రూపు అధినేతే బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రికార్డు అయింది కాబట్టి క్షమాపణ వచ్చింది. రికార్డు కాని గదుల సంగతేంది?

ఒక్క మాటలో ఉన్నది కిటుకంతా

తీసేయడం వేరు, రాజీనామా వేరు. ఇంటికి పోయేది ఒక్కడే, పోయే దారి ఒక్కటే. కానీ చట్టం దృష్టిలో రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 70 ఏండ్లకు పైగా ఈ దేశంలో కార్మికునికి ఒక గొడుగు. దాని జాగలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. కొత్త కోడ్ యజమానులకు ఎన్నో వెసులుబాట్లు ఇచ్చింది. ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో మనుషులను తీసేయాలంటే సర్కారు అనుమతి కావాలన్న నియమం ఇదివరకు 100 మంది ఉన్నచోట వర్తించేది, ఇప్పుడు దాన్ని 300కు పెంచారు. ఐటీ కంపెనీలకు ఆ అనుమతి గొడవ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కానీ కొన్ని హక్కులు మిగిలాయి. ఏడాది నిండిన కార్మికుణ్ని తీసేయాలంటే కారణం చెప్తూ నెల రోజుల నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల వేతనం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికి 15 దినాల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. కొత్తగా 'రీస్కిల్లింగ్ ఫండ్' పెట్టారు. తీసేసిన ఒక్కొక్కరి పేరు మీద యజమాని 15 దినాల వేతనం అందులో జమ చేయాలి, 45 దినాల్లో అది కార్మికుని ఖాతాకు చేరాలి. ఏడాది లోపల కంపెనీ మళ్లీ మనుషులను తీసుకుంటే, తీసేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలి.

ఇవన్నీ ఎవరికి? 'తీసేసినవాళ్లకు'. తనంతట తాను పోయినవాడికి కాదు. ఇప్పుడు అర్థమైందా, ఆ కాయితం మీద 'ఇష్టపూర్వకంగా' అన్న మాట ఎందుకు ఉన్నదో? అది మర్యాద కోసం రాసిన మాట కాదు, బాకీ ఎగ్గొట్టడానికి రాసిన మాట! ఆదాయపు పన్ను కూడా ఈ తేడా చూస్తుంది. కార్మికుణ్ని తీసేసినందుకు చట్టప్రకారం వచ్చే పరిహారానికి 5 లక్షల దాకా మినహాయింపు దొరుకుతుంది. రాజీనామా చేసినవాడికి కంపెనీ 'దయతో' ఇచ్చింది మాత్రం జీతంలో కలిపి పన్ను కట్టాల్సిందే.

'నువ్వు కార్మికుడివి కాదు, ఎగ్జిక్యూటివ్‌వి, నీకు ఈ చట్టం లేదు' అని హెచ్‌ఆర్ అంటుంది. నిజమేనా? పై అధికారంతో మనుషుల మీద పెత్తనం చేసే మేనేజర్లకు, 18 వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకు ఈ కోడ్ వర్తించదు. కానీ కార్డు మీద ఏం హోదా రాసి ఉన్నదో కాదు, రోజూ చేసే అసలు పని ఏమిటో చూడాలని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. పొద్దంతా కూర్చుని ప్రోగ్రాం రాసేవాడు, తప్పులు వెతికేవాడు, ఫోన్లు ఎత్తేవాడు ఎవరి మీద పెత్తనం చేస్తున్నట్టు? 'సీనియర్ అసోసియేట్ లీడ్' అని ఎంత పొడుగు పేరు పెట్టినా పని పనే. ఇంకొక చట్టం కూడా ఉన్నది. ఉమ్మడి రాష్ట్రం నుంచి మనకు వచ్చిన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా నెల వేతనం లేకుండా తీసేయడానికి వీల్లేదు. తీసేస్తే అప్పీలు చేసుకునే హక్కు 48వ సెక్షన్ ఇస్తున్నది. సంస్థను నడిపే మేనేజర్లకు ఇది కూడా వర్తించదు, అది గుర్తుంచుకోవాలి.

లెక్క ముందు, సంతకం తర్వాత

ఊరికే మాటలు ఎందుకు, ఒక లెక్క వేద్దాం. నెలకు 60 వేల జీతం. అందులో బేసిక్ 20 వేలు, మిగతాదంతా రకరకాల అలవెన్సులు. సర్వీసు ఎనిమిదేండ్లు.

కొత్త కోడ్‌ల ప్రకారం అలవెన్సుల పేరుతో సగానికి మించి దాచడం కుదరదు. కాబట్టి చట్టం లెక్కలో ఇతని వేతనం కనీసం 30 వేలు. గ్రాట్యుటీ ఏడాదికి 15 దినాల వేతనం, నెలను 26 దినాలుగా లెక్కించాలి. ఎనిమిదేండ్లకు 1,38,461 రూపాయలు. పాత పద్ధతిలో 20 వేల బేసిక్ మీద లెక్కిస్తే 92,307 మాత్రమే వచ్చేది. కంపెనీ ఏ లెక్క కట్టిందో అడగకపోతే 46 వేలు అక్కడే గాయబ్!

గ్రాట్యుటీ ఎట్లయినా ఇవ్వాల్సిందే, దాన్ని పక్కన పెడదాం. పరిహారం ఏడాదికి 15 దినాల చొప్పున 1,20,000. నోటీసు నెల వేతనం 30,000. రీస్కిల్లింగ్ ఫండ్ 15,000. మొత్తం 1,65,000. నియామక పత్రంలో మూడు నెలల నోటీసు, పూర్తి జీతం అని రాసి ఉంటే ఆ 30 వేల జాగలో 1,80,000 వస్తుంది. అప్పుడు మొత్తం 3,15,000.

ఇప్పుడు కంపెనీ ఏమంటున్నది? 'నీ మీద దయతో రెండు నెలల జీతం, అంటే 1,20,000 ఇస్తున్నాం, సంతకం పెట్టు' అంటున్నది. ఎవరు ఎవరికి దయ చూపిస్తున్నట్టు? తక్కువలో తక్కువ 45 వేలు మనమే కంపెనీకి దానం చేస్తున్నట్టు! చేతికి ఇచ్చేది చట్టం చెప్పిన బాకీ కంటే ఎక్కువ ఉంటే దాన్ని పరిహారం అనవచ్చు. తక్కువ ఉంటే అది కోత. ఈ తేడా తెలియకుండా ఆ కాయితాన్ని ముట్టుకోవద్దు.

ఇంకొకటి. కొన్ని పైసలు సంతకంతో ముడిపెట్టడానికే వీల్లేనివి. పనిచేసిన దినాల జీతం మీది, అది కొలువు పోయిన రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెప్తున్నది. పీఎఫ్ మీది. గ్రాట్యుటీ మీది, 30 దినాల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. 'సంతకం పెడితేనే గ్రాట్యుటీ' అనడం మన జేబులో పైసలు మనకు అమ్మడమే. ఐదేండ్లు నిండడానికి మూడు నెలలు తక్కువ ఉన్నప్పుడు పిలుపు వస్తే ఇంకా జాగ్రత్త. నాలుగేండ్లు నిండి ఐదో ఏట 240 దినాలు పనిచేస్తే అర్హత ఉన్నట్టేనని మద్రాసు హైకోర్టు చెప్పి ఉన్నది.

భయపెట్టే మాటలు - జవాబులు

'సంతకం పెట్టకపోతే టర్మినేట్ చేస్తాం. నీ రికార్డు ఖరాబవుతుంది. ఇంకెక్కడా కొలువు రాదు'. అన్నిటికంటే పదునైన కత్తి ఇది. మేం దీన్ని తేలికగా తీసుకోవడం లేదు. రిలీవింగ్ లెటర్ లేకుండా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇరుక్కున్న పిల్లల బాధ మాకు తెలుసు. కానీ ఆలోచించండి. తప్పు చేశాడని తీసేయాలంటే ఆరోపణ రాసివ్వాలి, విచారణ జరపాలి. అది లేకుండా ముద్ర వేస్తే కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది కంపెనీయే. కంపెనీకి కూడా గొడవ లేకుండా పంపడమే కావాలి. మన సంతకం వాళ్లకు అంత విలువైనది కాబట్టే అంత తొందర. అవసరం రెండు వైపులా ఉన్నప్పుడు బేరం కూడా రెండు వైపులా ఉండాలి.

'సంతకం పెట్టేసినం, ఇగ అంతా అయిపోయినట్టేనా?' అని అడిగేవాళ్లున్నారు. పూర్తిగా కాదు. బలవంతంతో, అనుచిత ఒత్తిడితో తీసుకున్న ఒప్పుకోలును రద్దు చేయించుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్తున్నది. బలవంతుడు బలహీనుడితో రాయించుకున్న అన్యాయపు షరతు చెల్లదని 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకుల వీఆర్‌ఎస్ కేసులో 2002 డిసెంబర్‌లో అదే కోర్టు రెండు ముక్కలు చెప్పింది. యాజమాన్యం ఆమోదించక ముందే దరఖాస్తు వెనక్కి తీసుకునే హక్కు ఉద్యోగికి ఉన్నది. కానీ పథకం కింద పైసలు తీసుకున్న తర్వాత వెనక్కి మళ్లడం కుదరదు. ఈ రెండో ముక్క గుండెల మీద రాసుకోండి. ఒత్తిడి జరిగిందని రుజువు చేయాల్సిన భారం మన మీదే ఉంటుంది. పైసలు ఖాతాలో వేసుకుని, మూడు నెలలు ఊకుండి, అప్పుడు బలవంతం అంటే వినేవాళ్లు తక్కువ.

అందుకే గది బయటికి వచ్చిన ఆ రోజే సొంత మెయిల్ నుంచి కంపెనీకి నాలుగు వాక్యాలు రాయండి. ఎన్ని గంటలకు పిలిచారు, ఎవరెవరున్నారు, ఏమన్నారు, ఎంత గడువిచ్చారు. కోపం రాయొద్దు, జరిగింది రాయండి. జీతం స్లిప్పులు, నియామక పత్రం, మదింపు పత్రాలు మీ దగ్గర ఉంచుకోండి. కంపెనీ పని ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు, అది వాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

కాయితంలో మిగతా గీతలు కూడా చదవాలి. 'పోటీ కంపెనీలో రెండేండ్లు చేరను' అని రాయించుకుంటారు. కొలువు పోయిన తర్వాత బతుకుదెరువుకు అడ్డుపడే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగా చెప్తున్నది. 'కోర్టుకు పోను' అంటే 28వ సెక్షన్ ఉన్నది. చేరినప్పుడు ఇచ్చిన బోనస్‌ను, శిక్షణ ఖర్చును ఈ మొత్తంలోంచి కోసుకుంటున్నారా? మీరు పోలేదు, వాళ్లు పంపుతున్నారు, మరి కోత ఎందుకని అడగండి. ఆరోగ్య బీమా ఏ తేదీ దాకా నడుస్తుంది? ఇంట్లో డయాలసిస్ మీద ఉన్న నాయనకు రెండు నెలల జీతం కంటే ఆరు నెలల బీమా విలువైనది కావచ్చు. అడిగితే పోయేదేమీ లేదు.

అమెరికాలో మనోళ్ల సంగతి

సముద్రాలు దాటిన మన పిల్లలకు ఇంకొక తీరు కష్టం. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు కొలువు పోతే 60 దినాల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. 2017 నుంచి ఉన్న నియమం ఇది. అక్కడ బేరమాడాల్సింది పైసల కోసమే కాదు, తేదీ కోసం. రికార్డులో చివరి పనిదినం నెల రోజులు ముందుకు జరిగితే, అది నెల జీతం కంటే ఎక్కువ.

కానీ అక్కడి చట్టం ఒకటి చూడండి. 1990 నుంచి 40 ఏండ్లు దాటిన ఉద్యోగితో వయసు వివక్షపై దావా హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకోవాలంటే ఆలోచించడానికి 21 దినాలు ఇవ్వాలి. గుంపుగా తీసేస్తే 45 దినాలు. సంతకం పెట్టిన తర్వాత కూడా ఏడు దినాల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. పెట్టుబడికి పుట్టినిల్లు అనే దేశంలో ఉన్న ఈ పాటి గడువు మన దగ్గర ఎందుకు లేదు? అదే అమెరికా కంపెనీ అక్కడ 45 దినాలు ఆగుతుంది, ఇక్కడ 45 నిమిషాలు కూడా ఆగదు. మనుషుల్లో తేడా ఉన్నదా, ఏలికల్లో తేడా ఉన్నదా?

పెట్టాలా, వద్దా?

ఇప్పుడు సూటిగా చెప్తాం. ఆ గదిలో పెట్టొద్దు. ఇది మా మొదటి మాట. 'చదువుకుని రేపు చెప్తాను, ఒక ప్రతి ఇవ్వండి' అన్న ఒక్క వాక్యం చాలు. ప్రతి ఇవ్వకపోతే అదే మెయిల్‌లో రాయండి.

ఇంటికి తెచ్చుకున్నాక, పెట్టడం తప్పేమీ కాదు. ఇది మా రెండో మాట. నెల తిరిగేసరికి ఇంటి అప్పు కిస్తీ, పిల్లల ఫీజు, అమ్మ మందులు ఉన్నవాణ్ని 'కోర్టుకు పో, పోరాడు' అని గట్టు మీద నిలబడి చెప్పడం సులభం. కేసులు ఏండ్లకు ఏండ్లు నడుస్తాయి. చట్టం చెప్పిన బాకీ కంటే ఇచ్చేది ఎక్కువగా ఉన్నదా? రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం అదే రోజు చేతికిస్తున్నారా? 'ఇష్టపూర్వకంగా' అన్న అబద్ధం తీసేసి, 'సంస్థ నిర్ణయం మేరకు' అని మార్చారా? అయితే పెట్టండి. తల దించుకోవాల్సిన పని లేదు. లెక్క తెలిసి పెట్టిన సంతకం ఓటమి కాదు.

కొందరు మాత్రం పెట్టొద్దు. ఇచ్చేది చట్టం బాకీకి తక్కువ ఉన్నవాళ్లు. పీఎఫ్, గ్రాట్యుటీ కూడా వదులుకుంటున్నట్టు రాసి ఉన్నవాళ్లు. చేయని తప్పు ఒప్పుకున్నట్టు రాసి ఉన్నవాళ్లు. ప్రసూతి సెలవులో ఉన్న ఆడబిడ్డలు. ఆ సెలవులో ఉండగా తీసేయడం 1961 నాటి నుంచే నేరం, ఇయ్యాల ఆ సెలవు 26 వారాలు. వీళ్లంతా ముందు కార్మిక శాఖ గడప తొక్కాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఫ్యాక్టరీ కూలీలదే కాదు, అద్దాల మేడల కూలీలది కూడా. ఆలస్యం మాత్రం చేయొద్దు. ట్రిబ్యునల్‌కు పోవడానికి ఇదివరకు మూడేండ్ల గడువు ఉండేది, కొత్త కోడ్ దాన్ని రెండేండ్లకు కోసింది.

అసలు ఏ కాయితమూ దక్కని వాళ్లను కూడా మరువొద్దు. అదే మేడ గేటు కాడ నిలబడే సెక్యూరిటీ గార్డు, క్యాంటీన్‌లో పళ్లేలు కడిగే అక్క, రాత్రిపూట క్యాబ్ నడిపే అన్న, సర్కారు ఆఫీసుల్లో ఏండ్ల తరబడి ఔట్‌సోర్సింగ్ పేరు మీద నలుగుతున్న తమ్ముడు.. వీళ్లకు సంతకం అడిగే మర్యాద కూడా లేదు. 'రేపటి నుంచి రావొద్దు' అన్న ఒక్క ఫోన్. 15 దినాల పరిహారం లెక్క వాళ్లకూ వర్తిస్తుంది. వాళ్లకు చదివి చెప్పే బాధ్యత చదువుకున్న మన మీద ఉన్నది.

ఒక్కడుగా పోతే సంతకం, గుంపుగా పోతే బేరం

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నియామకం అంటే కొలువు ఇప్పించడమే కాదు, ఇచ్చిన కొలువును ఇష్టమొచ్చినట్టు గుంజుకోకుండా చూడడం కూడా. భూములిచ్చి, రాయితీలిచ్చి, రోడ్లేసి కంపెనీలను పిలిచిన సర్కారుకు, ఆ కంపెనీ ఏటా ఎంతమందితో రాజీనామా రాయించుకున్నదో అడిగే హక్కు లేదా? సంతకానికి ముందు కనీసం 21 దినాల గడువు, సంతకం తర్వాత ఏడు దినాల వెనుకడుగు హక్కు.. ఈ రెండు ముక్కలు రాష్ట్ర నియమాల్లో చేర్చాలని కార్మిక శాఖను మనం అడగాలి. ఏ పార్టీ కుర్చీలో ఉన్నా అడగాలి.

విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ముచ్చట మీది కాదనుకోవద్దు. ప్లేస్‌మెంట్ వచ్చిన సంబరంలో ఆఫర్ లెటర్ చివరి పేజీ ఎవరూ చదవరు. పోయేనాడు పెట్టే సంతకానికి విత్తనం చేరేనాడే పడుతుంది. నోటీసు ఎన్ని నెలలు, అది రెండు వైపులా సమానమా, బేసిక్ ఎంత, బాండ్ ఎంత.. చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఉద్యోగ మిత్రులారా! పక్క సీటువాణ్ని గదికి పిలిచినప్పుడు తల దించుకుని కీబోర్డు కొట్టడం మానండి. వాడు బయటికి వచ్చేదాకా ఆగండి. కాయితం కలిసి చదవండి, లెక్క కలిసి వేయండి. అదే రోజు పది మందిని పిలిస్తే పది మందీ 'రేపు చెప్తాం' అనండి. ఆ ఒక్క దినంలోనే కంపెనీ గొంతు ఎంత మారుతుందో చూడండి. రేపు మీ పేరు పిలిచినప్పుడు మీ కోసం ఆగే పది మంది ఉండాలంటే, ఇయ్యాల మీరు ఒకరి కోసం ఆగాలి.